ఎస్కలేటర్ టక్కున ఆగి అమ్మ పడిపోయింది, బాధ్యత ఎవరిదో ఎవరూ ఒప్పుకోవట్లేదు

వానచినుకు అడిగారు:

అందరికీ నమస్తే అండి. లాయర్లు గానీ లిఫ్టు ఫీల్డులో ఉన్నవాళ్ళు గానీ ఉంటే కాస్త ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్.

పోయిన నెల అమ్మా నేనూ ఒక మాల్‌లో ఎస్కలేటర్ మీద కిందికి దిగుతున్నాం, అమ్మ ముందు, నేను రెండు మెట్లు వెనక. సగం దిగాక అది ఒక్కసారిగా ఆగిపోయింది, స్లో అయ్యి ఆగడం కాదు, టక్కున బిగుసుకుపోయింది. నేను ఎలాగో నిలదొక్కుకున్నా గానీ అమ్మ ముందుకి తూలి పడిపోయింది, కింద మెట్టు మీద ఉన్న ఒకాయన పట్టుకోబట్టి తలకి తగల్లేదు. కుడి మణికట్టు విరిగింది, ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు, మోకాలు ఇప్పటికీ వాచి ఉంది. ఎడమ చేత్తో హ్యాండ్ రెయిల్ పట్టుకునే ఉంది అండి, కుడి చేతిలో బ్యాగ్ ఉంది, అంతే.

ఆ రోజు మాల్ వాళ్ళు బాగానే చూశారు, వీల్ చెయిర్ తెచ్చారు, అంబులెన్స్ పిలిచారు. తర్వాత మాట మారింది. మేనేజర్ ఏమంటాడంటే ఎస్కలేటర్లన్నీ మెయింటెనెన్స్ కాంట్రాక్ట్‌కి ఇచ్చేశాం, వాళ్ళనే అడగండి అని. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే మా అగ్రిమెంట్ మాల్‌తో, మీతో మాకేం సంబంధం లేదు, పైగా ఎవరో ఎమర్జెన్సీ బటన్ నొక్కి ఉంటారు అన్నారు. ఎవరు నొక్కారు అంటే తెలీదు. ఎస్కలేటర్ మొదట్లో "వాడేవారు తమ సొంత బాధ్యత మీద వాడాలి" అని ఒక బోర్డు ఉంది, అది కూడా ఫోటో తీసి పంపారు నాకు.

ఇప్పుడేమో మానవతా దృష్టితో హాస్పిటల్ బిల్లులో కొంత ఇస్తాం, ఈ పేపర్ మీద సంతకం పెట్టండి అంటున్నారు. అందులో ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అని ఉంది. నాన్న ఏమో గొడవెందుకు, ఇచ్చింది తీసుకుందాం అంటున్నారు. నాకు మాత్రం మనసొప్పట్లేదు, అమ్మ ఇప్పటికీ జడ వేసుకోలేకపోతోంది, రాత్రుళ్ళు చెయ్యి లాగుతోందని లేస్తోంది.

అసలు బాధ్యత ఎవరిది? మాల్‌దా, మెయింటెనెన్స్ వాళ్ళదా, తయారు చేసిన కంపెనీదా? విషయం ఇంకా నడుస్తోంది కాబట్టి ఏ ఊరు, ఏ మాల్ అనేది ఇక్కడ రాయట్లేదు, ఏమనుకోకండి.

నిలకడ జవాబు:

మిగతావన్నీ తర్వాత చెల్లీ, ముందు ఆ పేపర్ మీద సంతకం పెట్టొద్దు. అమ్మ చేత కూడా పెట్టించొద్దు. ఫుల్ అండ్ ఫైనల్ అంటే రేపు ప్లేటు తీయించడానికి ఇంకో ఆపరేషన్ పడినా, చెయ్యి పూర్తిగా తిరగకపోయినా ఇంక అడగడానికి ఉండదు. మణికట్టు ఎంతవరకు కోలుకుంటుందో డాక్టర్‌కే ఇంకా తెలియని టైమ్‌లో లెక్క ఎలా తేలుస్తారు? వాళ్ళ తొందర దేనికో ఆలోచించండి.

సేఫ్టీలైన్ జవాబు:

నేను లిఫ్టులు ఎస్కలేటర్లు రెండిట్లో సర్వీస్ పని చేసిన. లా నాకు తెల్వదు, మెషిన్ సంగతి చెప్తా.

ఎస్కలేటర్ ఊరికే ఆగదు మేడం. దాని లోపల సేఫ్టీ స్విచ్‌లు అన్నీ ఒకే లైన్‌లో ఉంటయి, ఏ ఒక్కటి ఓపెన్ అయినా మోటర్‌కి కరెంట్ పోతది, బ్రేక్ పడ్తది. మెట్లు లోపలికి పోయే చివర పండ్లలెక్క ఉండే కోంబ్ దగ్గర ఏదన్నా ఇరికితే ఒక స్విచ్, మెట్ల పక్కన నిలువుగా ఉండే స్కర్ట్ ప్యానెల్ ఒత్తుకుంటే ఒకటి, హ్యాండ్ రెయిల్ లోపలికి పోయే నోటి దగ్గర ఒకటి, డ్రైవ్ చైన్ తెగితే ఒకటి, మెట్టు కిందికి కుంగితే ఒకటి, స్పీడ్ పెరిగినా ఉల్టా తిరిగినా ఇంకోటి. ఎమర్జెన్సీ బటన్ కూడా ఈ లైన్‌లోనే ఉంటది. కరెంట్ పోయినా ఆగుతది. ఇన్నిట్లో ఏది కొట్టిందో కొత్త కంట్రోలర్లల్ల, అంటే మెషిన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బాలల్ల, ఫాల్ట్ కోడ్ రూపంలో టైమ్‌తో సహా పడ్తది. అందుకే "ఎవరో బటన్ నొక్కి ఉంటరు" అనే మాట నేను అస్సలు ఒప్పుకోను, నొక్కింది నిజమైతే లాగ్‌లో చూపియ్యమనండి, ఊహ చెప్పుడు కాదు.

కానీ ఒక్క మాట. ఆ లాగ్‌లో జాగా కొంతే ఉంటది, కొత్తవి వచ్చినకొద్ది పాతవి చెరిగిపోతయి. సీసీ కెమెరా ఫుటేజ్ గూడ అంతే, కొన్ని వారాలకి దాని మీదనే మళ్ళ రికార్డ్ అయితది. ఇప్పటికే నెల అయ్యింది అంటున్నరు, ఇవ్వాళే రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో కాదు, ఈమెయిల్ పెట్టి రిజిస్టర్ పోస్ట్‌లో గూడ పంపండి. ఏం అడగాలంటే: ఆ రోజు ఫుటేజ్, కంట్రోలర్ ఫాల్ట్ లిస్ట్, లాగ్ బుక్, వెనకటి సర్వీస్ రిపోర్టులు, బ్రేక్‌డౌన్ కాల్స్ వచ్చిన వివరాలు, చివరిసారి ఇన్‌స్పెక్షన్ అయిన సర్టిఫికెట్. ప్రమాదం తర్వాత ఏమన్నా పార్ట్ మార్చితే పాతది పారెయ్యొద్దని గూడ రాయండి. బ్రేక్ లైనింగ్, అంటే బ్రేక్‌ల రాసుకుని అరిగే పొర, మార్చి పాతది తుక్కుల పడేస్తే ఇంక ఎవ్వరూ ఏం చెప్పలేరు.

గట్టుమీద జవాబు:

బాధపడొద్దు గానీ ఒక మాట అడుగుతా. పైన ఆయన చెప్పినదాని ప్రకారమే సేఫ్టీ స్విచ్ పనిచేసింది కాబట్టే ఆగింది కదా? ఆగకపోతే ఇంకెవరి వేలో కాలో లోపలికి పోయేదేమో. మెషిన్ చెయ్యాల్సిన పని చేస్తే మాల్‌ది తప్పు ఎలా అవుతుంది? నేను మాల్ తరఫు మనిషిని కాదు, మామూలుగా నాకొచ్చిన డౌటు.

సేఫ్టీలైన్ జవాబు:

మంచి డౌటే అన్నా, చాలామంది ఇక్కడనే ఆగిపోతరు. ఆగుడు వేరే, ఎట్ల ఆగింది అనేది వేరే.

యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 115 అని ఉంది, చాలా దేశాల్ల తయారయ్యే ఎస్కలేటర్లు దాన్ని చూసే చేస్తరు. సెకనుకి అర మీటర్ స్పీడ్‌తో నడిచే ఎస్కలేటర్ బ్రేక్ పడ్డంక కనీసం 20 సెంటీమీటర్లు జరిగి ఆగాలె, ఒక మీటర్ దాటొద్దు. ఒక మీటర్ దాటితే బ్రేక్ వీక్, 20 సెంటీమీటర్ల లోపే ఆగితే బ్రేక్ మరీ టైట్. ఈ కనీస దూరం పెట్టిందే నిలబడ్డ మనిషి తూలి పడొద్దని. దిగేటప్పుడు ఇంకా డేంజర్, మనిషి ముందుకి పడ్తడు, ముందు అంతా మెట్ల అంచులే, మీ అమ్మగారికి అయ్యింది అదే.

అంటే బటన్ నిజంగనే ఎవరో పిల్లగాడు నొక్కినా సరే, బ్రేక్ కరెక్ట్ అడ్జస్ట్‌మెంట్‌ల ఉంటే మెత్తగా ఆగాలె. స్టాపింగ్ డిస్టెన్స్ చెక్ చేసుడు సర్వీస్ పనిల భాగమే, మెట్టు మీద చాక్‌పీస్‌తో గీత పెట్టి, పక్కన స్కర్ట్ మీద ఒక గీత పెట్టి, ఆపి టేప్ పట్టి కొలుస్తరు, పెద్ద పనేం కాదు. ఆ కొలత సర్వీస్ రిపోర్ట్‌ల రాసి ఉందా లేదా చూడండి. రాసి లేకపోతే ఎప్పుడు కొలిచిండ్రో అడగండి. ఇంకోటి, హ్యాండ్ రెయిల్ మెట్ల కంటే వెనకబడొద్దు, సమానంగా గానీ రెండు శాతం దాకా ఎక్కువ గానీ ఉండొచ్చు అంతే. చెయ్యి వెనక్కి లాగినట్టు అనిపించిందా అమ్మగారిని అడగండి, అనిపిస్తే అది గూడ రాసి పెట్టుకోండి.

నల్లకోటు జవాబు:

నేను ప్రాక్టీస్ చేస్తున్న లాయర్‌ని. మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు కాబట్టి ఎక్కడైనా పనికొచ్చేట్టు చెప్తాను, మీ దగ్గర రూల్స్ మాత్రం అక్కడి లాయర్‌ని అడిగి తీరాలి.

మొదటి విషయం, ఈ ముగ్గురిలో ఎవరిది తప్పో మీరే తేల్చి ఒక్కరి మీదే వెళ్ళాలి అనుకోకండి. లిఫ్టు, ఎస్కలేటర్ కేసుల్లో ఒకళ్ళ మీద ఒకళ్ళు తోసుకోవడం వందేళ్ళ నుంచి జరుగుతున్నదే. ఓనర్, మెయింటెనెన్స్ కంపెనీ, అవసరమైతే తయారీదారు, అందరికీ నోటీసు ఇవ్వొచ్చు, ఎవరి వాటా ఎంత అనేది వాళ్ళు వాళ్ళు కోర్టులో తేల్చుకుంటారు.

ఇక మీతో మాకు అగ్రిమెంట్ లేదు అన్న మెయింటెనెన్స్ కంపెనీ మాట. ఈ వాదన ఇంగ్లండ్‌లో 1941లోనే ఓడిపోయింది. హేసెల్డైన్ వర్సెస్ డా అనే కేసు. లండన్‌లో ఒక బిల్డింగులో అద్దెకున్న మనిషిని కలవడానికి వెళ్ళినాయన ఎక్కిన లిఫ్టు కిందికి పడిపోయింది, అది హైడ్రాలిక్ లిఫ్టు, రిపేర్ చేసిన మెకానిక్ దాని గ్లాండ్‌ని, అంటే లోపలి ద్రవం కారకుండా పట్టి ఉంచే భాగాన్ని, సరిగ్గా బిగించలేదు. దెబ్బలు తగిలినాయనకి ఇంజనీర్ల కంపెనీతో ఏ ఒప్పందమూ లేదు, అయినా మీ పని సరిగ్గా లేకపోతే ఆ లిఫ్టు ఎక్కే వాళ్ళకే దెబ్బ తగులుతుందని మీకు తెలుసు కదా అని కోర్టు వాళ్ళనే బాధ్యుల్ని చేసింది. అయితే అదే కేసులో బిల్డింగ్ ఓనర్ బయటపడ్డాడు, ఎందుకంటే లిఫ్టు గురించి తనకి ఏమీ తెలీదు, తెలిసిన కంపెనీకి పని అప్పజెప్పాడు, అంతకంటే ఏం చెయ్యగలడు అన్నారు. మీ మాల్ మేనేజర్ చెప్తున్నది ఈ వాదనే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి, కొన్ని దేశాల్లో ఇది నిలబడుతుంది.

కానీ అన్ని చోట్లా కాదు. న్యూయార్క్ పై కోర్టు 1973లో రోజర్స్ వర్సెస్ డార్చెస్టర్ అసోసియేట్స్ అనే లిఫ్టు కేసులో ఓనర్ డ్యూటీ ఇంకొకరికి బదిలీ అయ్యేది కాదు అంది. పని కాంట్రాక్ట్‌కి ఇచ్చుకో, బాధ్యత మాత్రం నీదే. అదే తీర్పులో మెయింటెనెన్స్ కంపెనీకి కూడా, తెలిసిన లోపం సరిచెయ్యకపోయినా, జాగ్రత్తగా చూస్తే తెలిసేదాన్ని చూడకపోయినా, ఎక్కినవాళ్ళ పట్ల బాధ్యత ఉంటుందని చెప్పారు. ఇంగ్లండ్ దారిలో వెళ్ళే చోట కూడా ఓనర్ ఊరికే కాంట్రాక్ట్ ఇచ్చా అంటే సరిపోదు, సరైన కంపెనీనే పెట్టుకున్నాడా, పని జరిగిందో లేదో తనకి చేతనైనంత చూసుకున్నాడా అని అడుగుతారు. రిపేర్ కోసం పార్ట్ మార్చాలి అంటే వద్దని ఆపేసిన ఓనర్‌కి ఈ రక్షణ దొరకదు.

లోపం ఏంటో మీకు తెలీదు, ఎలా నిరూపించాలి అని భయపడుతుంటారు చాలామంది. 1863లో ఇంగ్లండ్‌లో ఒక కేసు, లివర్‌పూల్ వీధిలో నడిచిపోతున్న మనిషి మీద పై అంతస్తు నుంచి పిండి పీపా పడింది. ఎవరు జారవిడిచారో ఆయన చెప్పలేడు, పీపా దానంతటది పడదు కదా, జరిగిన తీరే సాక్ష్యం, అలా కాదని మీరే చెప్పండి అని కోర్టు అవతలి వాళ్ళని అడిగింది. లిఫ్టు, ఎస్కలేటర్ కేసుల్లో ఈ సూత్రం బాగా వాడతారు. దీనికి ఒక షరతు ఉంది, ఆ వస్తువు పూర్తిగా అవతలి వాళ్ళ చేతిలో ఉండాలి. లిఫ్టు పడిపోతే పేచీ ఉండదు, ఎస్కలేటర్‌కి మాత్రం జనానికి అందేట్టు ఎమర్జెన్సీ బటన్ ఉంటుంది కాబట్టి "ఎవరో నొక్కారు" అని చెప్పి ఈ సూత్రాన్ని తప్పించుకోవాలని చూస్తారు. మీకు ఫోన్‌లో ఆ మాట ఎందుకు చెప్పారో ఇప్పుడు అర్థమైందా? అందుకే సేఫ్టీలైన్ గారు చెప్పిన స్టాపింగ్ డిస్టెన్స్ పాయింట్ మీకు చాలా ముఖ్యం, బటన్ ఎవరు నొక్కినా బ్రేక్ అడ్జస్ట్‌మెంట్ మాత్రం జనం చేతిలో లేదు.

బోర్డు సంగతి. వ్యాపారం చేసేవాళ్ళు తమ నిర్లక్ష్యం వల్ల జరిగే చావుకి, గాయానికి బాధ్యత లేదని బోర్డు పెట్టి తప్పించుకోవడం ఇంగ్లండ్‌లో 1977 చట్టం నుంచే చెల్లదు. మిగతా చోట్ల కూడా ఇలాంటి బోర్డుని కోర్టులు అంత గొప్పగా చూడవు. "హ్యాండ్ రెయిల్ పట్టుకోండి" లాంటి హెచ్చరిక బోర్డు వేరు, దానికి విలువ ఉంటుంది.

అమ్మగారి తప్పు కూడా ఉంది అని తప్పకుండా అంటారు. ఎక్కువ దేశాల్లో దాని వల్ల పరిహారం కొంత తగ్గుతుంది అంతే, మొత్తం పోదు. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా లాంటి చోట్ల మాత్రం కొంచెం తప్పు ఉన్నా మొత్తం పోయే పాత రూల్ ఇంకా నడుస్తోంది. ఆవిడ ఎడమ చేత్తో పట్టుకునే ఉన్నారన్నది ఫుటేజ్‌లో ఉంటే మీకు అదే బలం, ఫుటేజ్ వాళ్ళ దగ్గరే ఉంది కాబట్టి తొందరపడండి అంటున్నా.

జాగ్రత్త ఎంత ఉండాలన్న దాంట్లో కూడా తేడాలున్నాయి. కాలిఫోర్నియాలో లిఫ్టు, ఎస్కలేటర్ నడిపేవాళ్ళని బస్సు, రైలు నడిపేవాళ్ళలాగే చూస్తారు, అత్యంత జాగ్రత్త తీసుకోవాల్సిందే. న్యూయార్క్ 1901లోనే గ్రిఫెన్ వర్సెస్ మేనిస్ కేసులో అంత అక్కర్లేదు, మామూలు జాగ్రత్త చాలు అంది. ఇండియాలో అయితే దేశమంతటికీ కలిపి లిఫ్టుల చట్టం లేదు, తమిళనాడుకి 1997ది, కర్ణాటకకి 2012ది, మహారాష్ట్రకి 2017ది, ఉత్తరప్రదేశ్‌కి 2024ది ఉన్నాయి. పరిహారం కోసం కన్స్యూమర్ కమిషన్‌కి గానీ సివిల్ కోర్టుకి గానీ వెళ్తారు. కన్స్యూమర్ దారిలో వెళ్తే అసలు మీరు కస్టమరేనా అని పేచీ పెట్టొచ్చు కాబట్టి ఆ రోజు అక్కడ ఏది కొన్నా ఆ బిల్లు దాచండి.

చివరికి గడువు. ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్ళు, కాలిఫోర్నియాలో రెండేళ్ళు, ఇండియా కన్స్యూమర్ చట్టంలో రెండేళ్ళు. ఎస్కలేటర్ ప్రభుత్వ సంస్థది అయితే, అంటే మెట్రో స్టేషన్ లాంటిది, ఇంకా తక్కువ, కాలిఫోర్నియాలో ఆర్నెల్ల లోపల క్లెయిమ్ పెట్టాలి, న్యూయార్క్‌లో 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. టైమ్ ఉంది కదా అని కూర్చుంటే ఆధారాలు ముందే పోతాయి.

వానచినుకు జవాబు:

ఎంత ఓపిగ్గా రాశారండి, అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. సంతకం పెట్టం అని చెప్పేశాం. రాత్రే ఈమెయిల్ పెట్టా మాల్‌కీ మెయింటెనెన్స్ కంపెనీకీ, సేఫ్టీలైన్ గారు చెప్పినవన్నీ రాసి. పొద్దున పోస్టాఫీసుకి వెళ్ళి రిజిస్టర్ పోస్టు కూడా చేశా. అమ్మని అడిగితే చెయ్యి లాగినట్టేం లేదంది, కాళ్ళ కింద ఒక్కసారి "గుడుక్" మని చప్పుడు వచ్చి ఆగిపోయిందంది. ఇంకో విషయం, అమ్మని పట్టుకున్నాయన నంబర్ నా దగ్గర ఉంది, ఆ రోజే ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగారు, ఆయన చెప్పింది ఏంటంటే ముందు రోజు కూడా అదే ఎస్కలేటర్ కాసేపు ఆపేసి అడ్డం పెట్టి ఉంచారంట. ఇది పనికొస్తుందా?

నల్లకోటు జవాబు:

పనికొస్తుందా అని నెమ్మదిగా అడుగుతున్నారు! మొత్తం కేసులో ఇంతకంటే విలువైనది దొరకడం కష్టం. ముందు రోజు ఆపారంటే లోపం వాళ్ళకి తెలుసు, తెలిసీ మళ్ళీ నడిపారు అనే ప్రశ్న వస్తుంది. ఎందుకు ఆపారు, ఎవరు వచ్చి చూశారు, ఏం చేసి స్టార్ట్ చేశారు అనేవి బ్రేక్‌డౌన్ కాల్ రికార్డులో ఉండాలి, ఆ తేదీ వేసి మళ్ళీ విడిగా అడగండి. ఆయన్ని బతిమాలైనా సరే, ఏం చూశారో ఆయన మాటల్లోనే రాసి తేదీ వేసి సంతకం పెట్టి ఇవ్వమనండి, మనుషులకి జ్ఞాపకం తొందరగా మసకబారుతుంది. మీరు రాసివ్వకండి, ఆయనే రాయాలి.

చిన్నారిఅడుగు జవాబు:

మాది వేరే టైపు ప్రమాదం, ఉపయోగపడుతుందేమో అని రాస్తున్నా. మా బాబుకి మెత్తటి రబ్బరు క్లాగ్స్ వేసి తీసుకెళ్ళాం, ఎస్కలేటర్ పక్క ప్యానెల్‌కి ఆనించి నిలబడ్డాడు, చెప్పు అంచు మెట్టుకీ ప్యానెల్‌కీ మధ్య సందులోకి లాగేసింది. వేలికి కుట్లు పడ్డాయి, వేలు పోలేదు దేవుడి దయ. వాళ్ళు మొదటి మాటే తల్లిదండ్రులు చూసుకోవాలి కదా అని. మేము చూసుకుంటూనే ఉన్నాం, పక్కనే చెయ్యి పట్టుకుని ఉన్నా నేను. మాకు సలహా ఇచ్చినాయన చెప్పింది ఏంటంటే పిల్లలు పెద్దవాళ్ళంత జాగ్రత్తగా ఉండరని స్థలం ఓనర్లు ముందే అనుకుని ఏర్పాట్లు చెయ్యాలి, ఇంగ్లండ్ 1957 చట్టంలో ఈ మాట నేరుగా రాసే ఉంది అని. ఆ సందు ఎంత ఉండొచ్చు అనేది ఎవరైనా చెప్తారా?

సేఫ్టీలైన్ జవాబు:

ఈఎన్ 115 ప్రకారం ఒక్కో పక్క నాలుగు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఉండొద్దు, రెండు పక్కలా కలిపి ఏడు దాటొద్దు. కానీ సందు కరెక్ట్‌గా ఉన్నా మెత్తటి రబ్బరు ప్యానెల్‌కి రాసుకుంటే వేడెక్కి పట్టుకుని లోపలికి పోతది, అందుకే పక్కన పొడుగునా బ్రష్ పెడ్తరు, చాలామంది షూ పాలిష్ చేస్కోడానికి అనుకుంటరు, కాదు, కాలు పక్కకి ఆనకుండా దూరం ఉంచడానికి. మీ బాబు చెప్పు ఇరికిన ఎస్కలేటర్‌కి బ్రష్ ఉందా, ఉంటే అరిగిపోయి ఊడిపోయి ఉందా ఫోటో చూస్కోండి. సందు కొలిచిన రికార్డ్ గూడ సర్వీస్ రిపోర్ట్‌ల ఉండాలె.

మూడోఅంతస్తు జవాబు:

నేను అవతలి పక్క నుంచి అడుగుతున్నా. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. మా లిఫ్టు ఈమధ్య ఫ్లోర్‌కి సమానంగా ఆగట్లేదు, ఒక్కోసారి రెండు వేళ్ళ ఎత్తు తేడా ఉంటోంది, పెద్దవాళ్ళు తట్టుకుని తూలుతున్నారు. ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, తీసుకున్న అతను బ్రేక్ చూడాలి, పార్ట్ మార్చాలి అని కొటేషన్ ఇచ్చాడు, మాది నాన్ కాంప్రహెన్సివ్ కాబట్టి పార్ట్ డబ్బులు మేమే కట్టాలి. కమిటీలో కొందరు ఇప్పుడొద్దు, వచ్చే సంవత్సరం తక్కువకి చేసే వేరే వాళ్ళకి ఏఎంసీ ఇద్దాం అప్పుడు చూద్దాం అంటున్నారు. ఈ లోపల ఎవరైనా పడితే నాకేమన్నా అవుతుందా?

నల్లకోటు జవాబు:

అవుతుందండి, సూటిగా చెప్తున్నా. మెయింటెనెన్స్ మనిషి రాతపూర్వకంగా లోపం ఉంది, బాగుచెయ్యాలి అని చెప్పాక ఆ కాగితం అతన్ని కాపాడుతుంది, మిమ్మల్ని ఇరికిస్తుంది. పైన 1941 కేసులో ఓనర్ ఎందుకు బయటపడ్డాడో చూడండి, తెలిసిన వాళ్ళ మీద ఆధారపడ్డాడు కాబట్టి. మీరు తెలిసిన వాళ్ళు చెప్పింది వినలేదు. అసోసియేషన్ పేరు మీద దావా పడొచ్చు, మనిషి ప్రాణం పోతే చాలా దేశాల్లో నిర్లక్ష్యం కింద క్రిమినల్ కేసు కూడా అవుతుంది, అప్పుడు నిర్ణయం తీసుకున్న మనుషుల పేర్లు వెతుకుతారు. మీరు సెక్రటరీగా అభ్యంతరం చెప్పి ఉంటే అది మీటింగ్ మినిట్స్‌లో రాయించండి, మీ ఇన్సూరెన్స్ పాలసీలో లిఫ్టు వాడేవాళ్ళకి అయ్యే గాయాలు కవర్ అవుతాయో లేదో ఈ వారమే చూడండి.

సేఫ్టీలైన్ జవాబు:

సెక్రటరీ గారూ, మీది చిన్న విషయం అనుకోకండి, దయచేసి. లిఫ్టు ఫ్లోర్‌కి పది మిల్లీమీటర్లు అటూ ఇటూ లోపల ఆగాలె అని లిఫ్టులకి ఉన్న యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 81 చెప్తది, రెండు వేళ్ళు అంటే దానికి మూడు రెట్లకి పైనే. లెవెల్ తప్పుడుకి వేరే కారణాలు గూడ ఉంటయి, కానీ బ్రేక్ లైనింగ్ అరిగితే మొదట కనపడేది ఇట్లనే.

2006ల టోక్యోలో మినాటో వార్డు హౌసింగ్ బిల్డింగ్‌ల ఏమైంది తెలుసా, హైస్కూల్ పిల్లగాడు, పదహారేళ్ళు, లిఫ్టు నుంచి బయటికి అడుగు పెడ్తుంటే డోర్ తెరిచి ఉండంగనే లిఫ్టు పైకి పోయింది, నడిమిట్ల ఇరుక్కుని చనిపోయిండు. బ్రేక్ లైనింగ్ అరిగిపోయి ఉంది. ఆ తర్వాత జపాన్‌ల 2009 నుంచి కొత్త లిఫ్టులకి డోర్ తెరిచి ఉన్నప్పుడు కదిలితే పట్టి ఆపే వేరే ప్రొటెక్షన్ ఉండాల్సిందే అని రూల్ తెచ్చిండ్రు. మీ లిఫ్టు పాతదైతే అది ఉండకపోవచ్చు. వచ్చే సంవత్సరం దాకా ఆగొద్దు. ఏఎంసీ మార్చుకుంటే మార్చుకోండి గానీ పాత రిపోర్టులన్నీ కొత్తవాళ్ళ చేతిల పెట్టండి, ఈ బ్రేక్ సంగతి నోటితో కాదు కాగితం మీద చెప్పండి. అప్పటిదాకా లిఫ్టు ఆపేసి బోర్డు పెట్టండి, పెద్దవాళ్ళకి కష్టమే, తెలుసు.

మూడోఅంతస్తు జవాబు:

చదివి వెన్నులో చలి పుట్టింది. ఈ థ్రెడ్ మొత్తం ప్రింట్ తీసి రేపటి మీటింగ్‌లో పెడతాను. లిఫ్టు ఇప్పుడే ఆపిస్తున్నా, ఎవరేమన్నా సరే.

వానచినుకు జవాబు:

అప్‌డేట్ అండి. మాల్ వాళ్ళ నుంచి ఈమెయిల్ వచ్చింది, ఫుటేజ్ భద్రపరిచాం, అయితే కోర్టు ద్వారానే ఇస్తాం అన్నారు. పోనీ చెరిపెయ్యలేదు, అదే చాలు ప్రస్తుతానికి. మెయింటెనెన్స్ కంపెనీ ఇంకా ఉలకలేదు పలకలేదు. అమ్మని పట్టుకున్నాయన స్టేట్‌మెంట్ రాసి పంపించారు, ఎంత మంచి మనిషో. ఇక్కడే ఒక లాయర్‌ని కలిశాం, మాల్‌కీ మెయింటెనెన్స్ కంపెనీకీ నోటీసు పంపుతామన్నారు, తయారీదారు సంగతి మాత్రం ఎస్కలేటర్ ఎప్పుడు పెట్టారో తెలిశాక చూద్దాం అన్నారు.

ఈలోపు మాల్ ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి అని ఒకాయన అమ్మకే డైరెక్ట్‌గా ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడంట, ఎలా ఉన్నారమ్మా అని, కాల్ రికార్డ్ చేస్తున్నాం జరిగింది చెప్పండి అన్నాడంట, పాత మెడికల్ రికార్డులన్నీ పంపమన్నాడంట. అమ్మ మా అమ్మాయితో మాట్లాడండి అని పెట్టేసింది. ఏం ఇవ్వాలి, ఏం ఇవ్వకూడదు?

నల్లకోటు జవాబు:

అమ్మగారు చాలా సరిగ్గా చేశారు. ఇకనుంచి ఆయన ఫోన్ వస్తే మీ లాయర్ నంబర్ ఇవ్వండి, రికార్డ్ చేసే కాల్‌లో ఏమీ మాట్లాడొద్దు, "ఇప్పుడు ఎలా ఉంది" అంటే మనవాళ్ళు అలవాటుగా "పర్లేదండి బాగానే ఉంది" అంటారు, ఆ ఒక్క ముక్క పట్టుకుని గాయం పెద్దది కాదంటారు. మెడికల్ రికార్డుల్లో ఈ ప్రమాదానికి సంబంధించినవి మాత్రం, అవి కూడా జిరాక్స్ కాపీలు, లాయర్ ద్వారా వెళ్ళాలి. పాతవన్నీ అడిగేది ఎముకలు ముందే బలహీనంగా ఉన్నాయనో కళ్ళు తిరిగే జబ్బు ఉందనో చూపించడానికి. ఒకవేళ ఎముకలు బలహీనంగా ఉన్నా అది వాళ్ళని పూర్తిగా కాపాడదు, ఇంగ్లండ్, అమెరికా పద్ధతిలో నడిచే కోర్టుల్లో దెబ్బ తిన్న మనిషి ఎలా ఉంటే అలాగే లెక్క, ఇంకా గట్టి మనిషి అయితే విరిగేది కాదు అనే వాదన చెల్లదు. ఎక్స్‌రే ఫిల్ములు, ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ సమ్మరీ, ఫిజియోథెరపీ రసీదులు ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరు అడిగినా చేతికి ఇవ్వకండి. ఎస్కలేటర్ ఎప్పుడు పెట్టారో దాని తయారీ ప్లేటు మీద సంవత్సరం ఉంటుంది, ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్‌లోనూ ఉండొచ్చు. యూరప్ లాంటి చోట్ల వస్తువు మార్కెట్లోకి వచ్చి పదేళ్ళు దాటితే ప్రొడక్ట్ లయబిలిటీ, అంటే లోపమున్న వస్తువుకి తయారీదారు బాధ్యత, కింద తయారీదారుని పట్టుకోవడం మామూలుగా కుదరదు, అందుకే మీ లాయర్ ఆ తేదీ అడుగుతున్నారు.